నీళ్లను ఒప్పుకోని గుడ్డ

పోయిన వారం గీతాంజలిని బావి గట్టు మీద వదిలి వచ్చాం. ఆమె చేతిలో మూడేళ్లు కష్టపడి తయారు చేసిన సంచి ఉంది. ఎదురుగా తనిఖీ ఆఫీసరు రాంచందర్ జీపు దిగుతున్నాడు. జీపు వెనకే తెల్ల కారు వచ్చి ఆగింది. వెనక సీట్లో పురుషోత్తం. స్టీరింగు ముందు ఆమె సొంత తమ్ముడు నరేశ్.

మహబూబాబాద్‌కు పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ తండాలో నలభై ఆరు ఇళ్లకు ఒకటే చేదబావి. ఆ నీళ్లలో ఆయిలు వాసన వస్తోందని జనవరిలో ఫిర్యాదు పెట్టింది గీతాంజలి. పుట్టింది ఈ తండాలోనే, ఉద్యోగం వరంగల్‌లో ఒక ప్రయోగశాలలో. బావికి రెండు వందల గజాల దూరంలో పురుషోత్తం షెడ్డు ఉంది. భూపాలపల్లి వైపు పెద్ద డంపర్లు బాగుచేసే ప్రైవేటు వర్క్‌షాపుల్లో వాడేసిన ఆయిలు కొని, జనగామలోని తన కార్ఖానాలో శుద్ధి చేసి అమ్మడం ఆయన వ్యాపారం. తండా దగ్గరి షెడ్డులో ఖాళీ డ్రమ్ములు తప్ప మరేమీ ఉండవని ఆయన కాగితాలు చెబుతాయి.

మొదటిసారి తీసిన నీళ్ల శాంపిల్‌లో ఏమీ దొరకలేదు. దొరకదు కూడా. వచ్చినవాళ్లు మోటారు పైపు దగ్గర సీసా నింపుకుపోయారు. మోటారు అడుగు నీళ్లు తోడుతుంది. ఆయిలు పైన తేలుతుంది. తండా ఆడవాళ్లు చేదతో ముంచేది ఆ పై నీళ్లనే.

అందుకే ఇవాళ రెండో తనిఖీ. రాంచందర్ రాయబోయే రిపోర్టులో రెండు గళ్లు ఉన్నాయి. ఆయిలు ఉందా లేదా, ఉంటే ఎవరిది. లేదని రాస్తే ఫైలు మూతపడుతుంది. నలభై ఆరు ఇళ్లు అవే నీళ్లు తాగుతాయి.

"చూడమ్మా, మూడు గంటలకు నేను భూపాలపల్లిలో ఉండాలి. ఒంటిగంటకు ఇక్కడి నుంచి కదులుతా. ఏం చూపిస్తవో అప్పటిలోపల చూపియ్యి," అన్నాడు రాంచందర్. ఆయన మంచివాడో చెడ్డవాడో తెలిసే మొహం కాదు. మెడలో కళ్లజోడు తాడు, చేతిలో అట్టకు బిగించిన కాగితాలు.

గీతాంజలి సంచిని ఎత్తి చూపించింది. చూడటానికి చక్కెర బస్తాలాంటి సన్నని నేత గుడ్డ. ఆ దారాల మీద ఇసుక కంటే వందల రెట్లు చిన్న రేణువులు అంటించి, వాటికి మైనం గుణం ఉన్న పూత పూసింది. నీటిబొట్టు ఆ గుడ్డ మీద పడితే చేమాకు మీద పడినట్టే జారిపోతుంది. ఆయిలు మాత్రం తన ఇంట్లోకి తాను వచ్చినట్టు లోపలికి దిగుతుంది. సంచిలో ఒక ప్లాస్టిక్ డబ్బా, నోటి చుట్టూ తేలడానికి థర్మాకోల్ చక్రం. బావిలో వేసి వదిలేస్తే చాలు, నీళ్లు బయట ఉంటాయి, ఆయిలు డబ్బాలో చేరుతుంది. పోయిన వారం ఒంటరిగా పరీక్షించినప్పుడు గంటలో గ్లాసెడు ఆయిలు వచ్చింది.

పది గంటల పది నిమిషాలకు సంచి బావిలోకి దిగింది. తండా సగం గట్టు చుట్టూ చేరింది. తండాకు పెద్ద అయిన నాయక్ బాల్‌సింగ్ తలపాగా సర్దుకుని మంచం మీద కూర్చున్నాడు. రోజూ పురుషోత్తం ట్యాంకరు నడిపే నరేశ్ ఇవాళ కారు పక్కనే నిలబడ్డాడు. అక్క ఫిర్యాదు పెట్టిన రోజు నుంచి అతను ఆమెతో మాట్లాడలేదు. జీతం ఇచ్చే మనిషి మీద కేసు పెడితే ఎవరు మాట్లాడతారు?

అరగంట తర్వాత తాడు లాగింది గీతాంజలి. బరువుగా వచ్చింది. ఆయిలు ఇంత బరువు ఉండదు.

సంచి నిండా నీళ్లు. తేటగా, బావిలో ఉన్నట్టే ఉన్నాయి. గుడ్డ ఇల్లు తుడిచే పాత బట్టలా తడిసి కారుతోంది.

ఎవరో వెనక నుంచి ముసిముసిగా నవ్వారు. "మూడేండ్లు చదివి బొక్కెన తయారుచేసింది పిల్ల," అన్నాడొక ముసలాయన. రాంచందర్ కళ్లజోడు పెట్టుకుని పెన్ను మూత తీశాడు.

గీతాంజలి గుడ్డను గుప్పిట్లో పిండింది. వేళ్ల సందుల్లోంచి నురగ వచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే నిమ్మకాయ వాసన. బట్టల సబ్బు పొడి.

ఆమెకు మొత్తం అర్థమైంది. సబ్బు చేసే పనే నీళ్లకూ నూనెకూ దోస్తీ కుదర్చడం. గుడ్డ చేసే పని ఆ రెండింటినీ విడదీయడం. ఉతికిన చెయ్యి ఎవరిదో కాని, ఆ గుడ్డ పుట్టుకకే ఎదురు పని చేసింది.

"సార్, దీన్ని ఎవరో ఉతికారు. సబ్బు పోయేదాకా కడిగి ఎండబెడితే మళ్లీ పనిచేస్తది. రెండు గంటలు ఇయ్యండి," అంది.

రాంచందర్ గడియారం చూసుకున్నాడు. ఆయన వద్దనేవాడే. కాని పక్క నుంచి పురుషోత్తం మెత్తగా అడ్డం వచ్చాడు.

"ఇయ్యుండ్రి సార్. ఆడపిల్ల ఇంత కష్టపడ్డది. నాక్కూడ సూడాలనే ఉన్నది."

రెండు గంటలు దొరికాయి. దొరికిన తీరు మాత్రం గీతాంజలికి కాలిలో పల్లేరుగాయలా గుచ్చుకుంది. ఓడిపోతున్న మనిషికి శత్రువు చెయ్యి అందించడం ఆమె ఎప్పుడూ చూడలేదు. ఆలోచించే తీరిక లేదు. సంచి తీసుకుని కారు వైపు నడిచింది.

"నిన్న పొద్దూకినంక ఇంటికొచ్చినవట గద," అంది నరేశ్‌తో, వాళ్ల ఇంటి భాషలో.

"వచ్చిన. యాడిని చూసిపోదామని వచ్చిన," అన్నాడు. యాడి అంటే అమ్మ.

"సంచి దండెం మీదనే ఉండె. నీ సేటు ఏమన్నడు, సబ్బు పెట్టమన్నడా?"

నరేశ్ మొహం నల్లబడింది. "అక్కా, నేను ఆయన బండి నడుపుత. నీ బట్టలు ఉతుకనీకి పోలే," అని అద్దం తుడవడానికి అటు తిరిగాడు.

ఆ మాట విని వెనక నుంచి వచ్చిన మనిషి కమలాబాయి, వాళ్ల అమ్మ. పెద్ద గాజుల చేతులు కొంగులో దాచుకుని నిలబడింది.

"వాన్ని ఏమనకే. ఉతికింది నేను."

గీతాంజలి చేతిలోని తడి సంచిని ఆమె ముందుకు చాపింది.

"మడ్డి మడ్డిగ కంపు కొడుతుండె. తీజ్ పండుగ కోసం నీళ్లు తోడే బాయి అది. అండ్ల అసుంటి గుడ్డ ఎట్ల ఏస్తరు? అందుకే రెండు సార్లు సబ్బు పెట్టి, బండకేసి ఉతికిన. ఆ బాయికి ఒక్కసారి అంటిన మైల చాలదా?"

చివరి మాట ఏమిటని అడగాల్సింది. అడగలేదు. తమ్ముడి వైపు చూడటానికి సిగ్గేసి, కాగు ఎక్కడుందని అడిగింది.

ఆ తర్వాత పని నడిచింది. కమలాబాయి ఇంటి ముందు స్నానాల కాగు కింద పత్తికట్టె మంట పెట్టారు. బావి నీళ్లు పనికిరావని చెప్పగానే ఆడవాళ్లు చేనుల దగ్గరి బోరు నుంచి బిందెలతో తెచ్చిపోశారు. వేడినీళ్లలో ముంచడం, పిండకుండా ఎత్తడం, మళ్లీ కొత్త నీళ్లు. తొమ్మిదోసారికి నురగ ఆగింది. ఎత్తిన గుడ్డను బాల్‌సింగ్ ఇంటి రేకుల మీద పరిచారు. పక్కన కల్లంలో మిర్చి ఎండుతోంది. మార్చి ఎండ, పైగా రేకుల సెగ. గంట తిరక్కుండానే గుడ్డ పెళపెళలాడింది.

గీతాంజలి వేలితో ఒక బొట్టు నీళ్లు దాని మీద విదిల్చింది. బొట్టు ముత్యంలా గుండ్రంగా నిలబడి, కాస్త ఊగి, అంచుదాకా దొర్లి కిందపడింది. గుడ్డ మీద తడి మరక కూడా లేదు. చూస్తున్న ఆడవాళ్లలో ఒకామె తానూ ఒక బొట్టు వేసి చూసింది. తర్వాత అందరూ వేశారు.

పన్నెండుంబావుకు సంచి మళ్లీ బావిలో దిగింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. పన్నెండు నలభైకి తాడు లాగితే చేతికి తేలిగ్గా వచ్చింది. బయటి గుడ్డ పొడిగా ఉంది. డబ్బా అడుగున అర గ్లాసు దాకా ద్రవం. గీతాంజలి దాన్ని గాజు సీసాలోకి వంపి ఎండకు ఎత్తి పట్టుకుంది.

ఎండిన మోదుగుపువ్వు రంగు. చిక్కగా, ఎర్రగా, ఒక్క నీటిబొట్టు కూడా కలవకుండా ఉంది.

రాంచందర్ సీసా అందుకున్నాడు. వేలికి అంటించుకుని రాశాడు, వాసన చూశాడు. కాగితం ముక్క మీద ఒక చుక్క వేసి అది పాకడం చూశాడు. "బావిలో మోటారు ఉంది కదా. అందులోంచి కారి ఉండొచ్చు," అన్నాడు.

దానికి బాల్‌సింగ్ కూర్చున్నచోటి నుంచే జవాబిచ్చాడు. తమది నీళ్లు పోసి నింపే రకం మోటారని, ఆయిలు మోటారు కాదని, కావాలంటే పైకి తీసి చూపిస్తామని చెప్పాడు.

"పైగా ఈ ఎరుపు, సార్," అంది గీతాంజలి. "ట్రాక్టరు ఇంజన్‌లో ఆయిలు వాడితే నల్లగ అయితది. ఎర్రగ ఉండేది పెద్ద డంపర్ల గేర్‌బాక్సుల్లో పోసేది. అసుంటి బండ్లు ఈ చుట్టుపక్కల ఒక్కటి గూడ లేవు. భూపాలపల్లి దిక్కు ఉన్నయి."

ఆఫీసరు మొదటి గడిలో 'ఉంది' అని రాశాడు. తండాలో ఒక చిన్న కదలిక వచ్చింది. ఆయన తల తిప్పి పురుషోత్తం వైపు చూశాడు. "భూపాలపల్లి ఆయిలు ఎత్తేది మీరే కదా. జనగామకు పోయే బండి వరంగల్ దాటినంక ఇటు రావల్సిన పనే లేదు."

పురుషోత్తం ఆశ్చర్యపోలేదు. తలూపి, కారు డోరు తీసి, ఒక ప్లాస్టిక్ ఫైలు తెచ్చాడు. పెళ్లిపత్రిక ఇచ్చినంత మర్యాదగా దాన్ని రాంచందర్ చేతిలో పెట్టాడు.

"నాక్కూడ గదే అనుమానం వచ్చింది సార్. నిన్న పొద్దుగాల పోలీస్ స్టేషన్‌ల కంప్లైంట్ ఇచ్చిన. కింద ముద్ర ఉన్నది. ట్యాంకరుకు జీపీఎస్ పెట్టించిన, ఆ కాగితాలు గూడ ఉన్నయి. నవంబరు నుంచి పద్నాలుగు సార్లు బండి ఈ తండా మూల మీద ఆగింది. నాకు చెప్పకుంట ఆయిలు దించుకొని, అమ్ముకున్నంత అమ్ముకొని, మిగిలింది ఇక్కడ పారబోసిండు. ఆ పద్నాలుగు సార్లు బండి నడిపింది ఒక్కడే."

ఆయన వేలు ఎటు చూపిస్తోందో చూడాల్సిన అవసరం ఎవరికీ లేకపోయింది.

"ఇంట్ల మనిషి లెక్క సూసుకున్న సార్ వీన్ని," అన్నాడు పురుషోత్తం.

నరేశ్ చేతిలోని తుడిచే గుడ్డ కిందపడింది. "సారూ, మీరు ఆపమంటెనే గద నేను ఆపింది. ఖాళీ డ్రమ్ములు దింపి రమ్మని మీరే ఫోన్ చేసి చెప్తుంటిరి. షెడ్డు తాళం గూడ నా దగ్గర లేకుండె."

"నేను చెప్పంగ ఎవలు విన్నరు, నరేశ్?"

పల్లేరుగాయ ఎక్కడ గుచ్చుకుందో గీతాంజలికి ఇప్పుడు తెలిసింది. ఈ మనిషికి ఆ సంచి గెలవడమే కావాలి. అందుకే రెండు గంటలు ఇప్పించాడు. అందుకే ఇవాళ కారు నడపడానికి వేరే డ్రైవరును కాకుండా నరేశ్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయిలు ఉందని రుజువైన క్షణంలో దొంగ చేతికందేంత దూరంలో నిలబడి ఉండాలి. ఆ రుజువును తొమ్మిది నీళ్లు కడిగి, ఎండబెట్టి, ఎండకు ఎత్తి చూపించింది తనే. తమ్ముడి మీద మొదటి సాక్షి తనే.

రాంచందర్ కాగితాలు ఒక్కొక్కటీ తిప్పాడు. తేదీలు, టైములు, ఆగిన నిమిషాలు అన్నీ అచ్చులో ఉన్నాయి. "నరేశ్ మీ దగ్గర ఎప్పుడు చేరాడు?" అని అడిగాడు.

"దీపావళి అయినంక. నవంబరు మూడు."

"అమ్మా, నువ్వు చెప్పు. నవంబరు కంటే ముందు ఈ బావిలో ఆయిలు ఉన్నట్టు ఏదన్నా ఆధారం ఉందా? ఉంటే సంగతి వేరు. లేదంటే ఈ కాగితాలు చెప్పిందే రాయాల్సి ఉంటది."

గీతాంజలి వెతుక్కుంది. తనకు వాసన తెలిసింది డిసెంబరులో సెలవుకు వచ్చినప్పుడు. ఫిర్యాదు జనవరిది. చేతిలోని గుడ్డ నీళ్లలో ఏముందో చెబుతుంది. ఎప్పటి నుంచి ఉందో చెప్పదు.

"లేదు సార్," అంది.

పెన్ను రెండో గడి మీదికి వెళ్లింది.

"ఉన్నది," అంది కమలాబాయి.

ఆమె పక్కన నిలబడ్డ ఆడవాళ్లిద్దరు ఒక్కసారిగా ఆమె మోచేతులు పట్టుకున్నారు. మంచం మీద నుంచి బాల్‌సింగ్ గొంతు వినిపించింది. "కమలా." అంతే అన్నాడు. తండాలో ఆ గొంతు విని ఆగని మనిషి లేదు.

కమలాబాయి ఆగింది. కొడుకు వైపు చూసింది. అతను తల వంచుకుని కిందపడ్డ గుడ్డను చూస్తున్నాడు. ఆమె మోచేతులు విడిపించుకుంది.

"సారూ, శ్రావణంల మాకు తీజ్ పండుగ. పెండ్లిగాని పిల్లలు బుట్టలల్ల మట్టి పోసి గోదుమలు చల్లుతరు. తొమ్మిది దినాలు ఈ బాయి నీళ్లే పోస్తరు. మొలక ఎంత పచ్చగొస్తే పిల్లకు అంత మంచి సంబంధం అని మా నమ్మకం. పోయిన శ్రావణంల పదకొండు బుట్టలు పెట్టిండ్రు. నాలుగో దినానికే అన్ని పసుపుపచ్చగ అయి వాలిపోయినయి. బయటికి తెలుస్తె పిల్లల బతుకు ఏమైతదని, రాత్రికి రాత్రి పక్క తండా నుంచి మొలకలు తెచ్చి నాటినం. ఎవ్వలకు చెప్పొద్దని అందరం ఒట్టు పెట్టుకున్నం. అప్పటికి నా కొడుకు ఈయన బండి ముట్టనే లేదు."

బావికి ఒక్కసారి అంటిన మైల. గీతాంజలి కళ్లు మూసుకుంది. పొద్దున్నే చేతికి అందిన మాటను తను వదిలేసింది.

తండా మొత్తం నేల చూపులు చూస్తోంది. పదకొండు మంది పిల్లల్లో ముగ్గురికి ఈ ఏడే పెళ్లిళ్లు కుదిరాయి. అందులో బాల్‌సింగ్ మనవరాలు మోతీ ఒకతి. వచ్చే నెలలోనే ముహూర్తం.

పురుషోత్తం మొహంలో మొదటిసారి ఏదో కదిలింది. వెంటనే సర్దుకున్నాడు. "తల్లి గద సార్. కొడుకు కోసం ఏమన్న చెప్తది. వాడిపోయిన మొలకలు ఇప్పుడు ఏడ దొరుకుతయి?"

రాంచందర్ బాల్‌సింగ్ వైపు తిరిగాడు. "నాయక్, ఆమె చెప్పింది నిజమేనా?"

బాల్‌సింగ్ తలపాగా అంచు వేలికి చుట్టుకున్నాడు. "మా తండాల తీజ్ ఎప్పుడు తప్పలే సారు," అన్నాడు. "అన్ని బుట్టలు మంచిగనే మొలిచినయి."

అప్పుడు రేకుల ఇంటి తలుపు తెరుచుకుంది. మోతీ బయటికి వచ్చింది. నడుము మీద బిందె పెట్టుకున్నట్టు ఒక వెదురుబుట్ట పెట్టుకుంది. అందులో పిడచకట్టిన ఎండుమట్టి, దాంట్లోంచి వెంట్రుకల్లా పొడుచుకొచ్చిన పసుపుపచ్చని పోచలు.

"తాతా, పారెయ్యమంటివి. నా చేతులతోటి పెట్టిన తీజ్, పారెయ్యనీకి మనసొప్పలే. అటుక మీద దాచిన," అంది.

గీతాంజలి రెండు అంగల్లో ఆమెను చేరింది. మట్టిగడ్డను గోటితో గీరి వాసన చూసింది. ఏడు నెలల తర్వాత కూడా సన్నగా, గొంతుకు అడ్డంపడే ఆ వాసన వచ్చింది. ఈ మట్టిని వేడినీళ్లలో కలిపితే పట్టిన ఆయిలు పైకి తేలుతుంది. తేలిన ఆ పొరను గుడ్డ పట్టుకుంటుంది. అది ఎర్రగా వస్తే, దీపావళి తర్వాత పనికి చేరిన మనిషి ఆ ఆయిలు పొయ్యలేదని మట్టే చెబుతుంది.

"ఎంతసేపు కావాలి?" అన్నాడు రాంచందర్. అడిగే ముందు పెన్ను మూత పెట్టాడు.

"పావుగంట సార్. కాగుల ఇంక వేడినీళ్లు ఉన్నయి."

ఆమె గుడ్డ కోసం గట్టు వైపు వంగింది. లేచేసరికి మోతీ చేతుల్లో బుట్ట లేదు.

అప్పటికే బాల్‌సింగ్ మంచం దిగి వచ్చాడు. మనవరాలి దగ్గరి నుంచి బుట్టను నెమ్మదిగా, దేవుడి పటం అందుకున్నట్టు అందుకున్నాడు. పండుగ చివర తీజ్‌ను, అంటే ఆ మొలకలను, నీళ్లలోకి సాగనంపే హక్కు నాయక్‌దే. అది తండా పుట్టినప్పటి నుంచి ఉన్న మాట, దాన్ని కాదనే నోరు అక్కడ లేదు.

"తీజ్ ఇంట్ల ఉండొద్దు బిడ్డా. నీళ్లల్ల కలవాలె," అన్నాడు.

రెండు చేతులూ చాచి బుట్టను బావి మీదికి పట్టుకున్నాడు. అంచు నుంచి నాలుగు మట్టిగడ్డలు రాలి, చాలా లోతున నీళ్లలో పడిన చప్పుడు వినిపించింది. గీతాంజలి కంటే ముందు బుట్ట వైపు కదిలింది నరేశ్.